గల్ఫ్‌లో ఆరోగ్య విపత్తులో చిక్కుకున్న కుటుంబానికి కడప నుంచి సాయం చేయడం ఎలా: సమగ్ర మార్గదర్శి

రాయచోటి, రాజంపేట, లక్కిరెడ్డిపల్లె వైపు ఏ వీధికి వెళ్లినా కువైట్‌లో ఎవరో ఒకరు ఉన్న ఇల్లు తగులుతుంది. అక్కడ ఎవరికైనా పెద్ద జబ్బు చేసిందనో, 2020లో మాదిరి ప్రాంతాలకు ప్రాంతాలు మూసేశారనో తెలిసినప్పుడు ఇక్కడివారు మొట్టమొదట అడిగేది ‘ఎంత పంపాలి?’ అనే. సాయం బృందాలతో కలిసి పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను, అది చివర అడగవలసిన ప్రశ్న. ఆ కుటుంబానికి హక్కుగా రావలసినది ఏమిటి, ఇక్కడ మనం దించగల బరువు ఏమిటి అన్నవి తేలిన తరువాత మిగిలిన లోటుకు మాత్రమే డబ్బు సముద్రం దాటాలి. కింది అంచెలన్నీ ఆ క్రమంలోనే ఉన్నాయి. ఉదాహరణలు కువైట్‌వి అయినా, ఇతర గల్ఫ్ దేశాలకు కూడా చాలావరకు ఇవే వర్తిస్తాయి.

1. పనిలోకి దిగేముందు

నలుగురు చాలు. ఒకరు కువైట్‌తో ఫోన్‌లో మాట్లాడాలి, ఒకరు కాగితాలు చూడాలి, ఒకరు లెక్క రాయాలి, ఒకరు ఇక్కడి ఇంటికి వెళ్లి రావాలి. మాట్లాడే మనిషి, లెక్క రాసే మనిషి ఒక్కరే కాకూడదు.

కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనుక నడుస్తుంది. అక్కడ శుక్ర, శనివారాలు సెలవు. గురువారం మధ్యాహ్నం తరువాత మొదలుపెట్టిన బ్యాంకు పని అక్కడి సెలవులు, ఇక్కడి ఆదివారం దాటి సోమవారానికి గాని కదలకపోవచ్చు. అందువల్ల అత్యవసరమైన పనులను సోమవారం నుంచి బుధవారం లోపల పెట్టుకోవాలి. భారత రాయబార కార్యాలయం అత్యవసర ఫోన్ సెలవు రోజుల్లోనూ పలుకుతుంది కనుక ఆ నంబరును కార్యాలయం అధికారిక వెబ్‌సైటులోనే చూసి రాసుకోవాలి. వాట్సాప్‌లో తిరిగే నంబర్లను నమ్మవద్దు.

2. కుటుంబం వివరాలు రాబట్టడం

తొందరలో అందరూ దాటవేసే అంచె ఇదే, తరువాత అన్ని తిప్పలూ మొదలయ్యేదీ ఇక్కడే. వాయిస్ మెసేజ్ విని డబ్బు పంపకూడదు. ఎదుటి మనిషితో వీడియో కాల్‌లో ఒక్కసారైనా మాట్లాడాలి. ఆ తరువాత అతని ఊళ్లో ఉన్న ఇంటికి మన మనిషి వెళ్లి, అదే విషయాన్ని వేరుగా అడిగి, రెండు మాటలూ కలుస్తున్నాయో లేదో చూసుకోవాలి. ఇది అనుమానంతో చేసే పని కాదు. అక్కడి మనిషి ఇంట్లోవాళ్లు బెంగపడతారని సగం దాస్తాడు, ఇక్కడివారు పరువు కోసం మిగతా సగం దాస్తారు. రెండు చోట్లా అడిగితేనే అసలు అవసరం బయటపడుతుంది.

తెప్పించుకోవలసినవి:

☐ పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల ఫోటోలు. పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర ఉంటే ఆ సంగతి రాసుకోవాలి.
☐ సివిల్ ఐడీ, అంటే మనవాళ్లు బతాకా అనే కార్డు, రెండు వైపులా. దాని నంబరులో 12 అంకెలు ఉంటాయి. గడువు తేదీ చూడాలి.
☐ వీసా రకం. ఇంటిపని వీసా 20వ నంబరు, కంపెనీ వీసా 18వ నంబరు. ఫిర్యాదు ఏ కార్యాలయానికి వెళ్లాలన్నది దీన్నిబట్టే మారుతుంది.
☐ కఫీల్ పేరు, ఫోన్ నంబరు. కుటుంబం ఒప్పుకోకుండా కఫీల్‌కు మనం ఫోన్ చేయకూడదు.
☐ ఉంటున్న భవనం చిరునామా, లొకేషన్ పిన్. గోడ మీద బిగించిన పలకపై ఉండే పాసీ నంబరు చెప్పగలిగితే ఆ భవనాన్ని ఎవరైనా సులువుగా కనుక్కోగలరు.
☐ ఆసుపత్రి పేరు, ఫైలు నంబరు, వైద్యుడు రాసిన చీటీ ఫోటో.
☐ పిల్లలు ఉంటే వారి వయసులు, వారి పత్రాల గడువు.
☐ ఇంతకుముందే ఎవరైనా సాయం చేశారా, చేసి ఉంటే ఏమిటి, ఎప్పుడు.

చివరి అంశాన్ని అడగడానికి మొహమాటపడవద్దు. 2020 ఏప్రిల్‌లో జిలీబ్, మహబూలా ప్రాంతాలను పూర్తిగా మూసివేసినప్పుడు నేను పనిచేసిన బృందం చేసిన తప్పు ఇదే. ఒకే గదికి మూడు బృందాల నుంచి సరుకులు చేరాయి, ఆ పక్క గదిలో ఇద్దరు పిల్లలున్న కుటుంబానికి ఏమీ అందలేదు. వారి తరఫున ఇక్కడ ఫోన్ చేసేవారు ఎవరూ లేకపోవడమే అందుకు కారణం. అప్పటి నుంచి మాట్లాడిన ప్రతి కుటుంబాన్నీ ‘మీ పక్క గదిలో ఎవరున్నారు, వాళ్లు ఎలా ఉన్నారు?’ అని కూడా అడుగుతున్నాను.

అకామా (నివాస అనుమతి) ముగిసినవారు, కఫీల్ తమ మీద పరారీ కేసు పెట్టినవారు, అంటే మనవాళ్లు ఖల్లివల్లి అని పిలిచేవారు, తమ వివరాలు చెప్పడానికి భయపడతారు. వారి చిరునామాను, ఫోటోలను ఏ గ్రూపులోనూ పెట్టకూడదు. కాగితాలు చూసే ఒక్కరి ఫోన్‌లోనే అవి ఉండాలి, పని అయిన వెంటనే తుడిచేయాలి.

3. అవసరాన్ని సరిగా పట్టుకోవడం

సరుకులు అనగానే బియ్యం పంపడం మనకు అలవాటు. ఆ రోజుల్లో ఒక పెద్దామెకు ఫోన్ చేసినప్పుడు ఆమె అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: “బియ్యం ఉండాయి నాయనా, గ్యాసే అయిపోయింది.” గదిలో మూడు బియ్యం బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, పొయ్యి వెలిగి రెండు రోజులైంది.

అందువల్ల ‘ఏం కావాలి?’ అని అడగడం మాని, రోజును ముక్కలు చేసి అడగండి. నిన్న రాత్రి ఏం తిన్నారు? ఎలా వండుకున్నారు? బీపీ, షుగరు మాత్రలు ఇంకా ఎన్ని రోజులకు సరిపోతాయి? పసిబిడ్డకు పాల డబ్బా ఉందా? గది అద్దె ఎన్ని నెలలు బాకీ? ఫోన్‌లో బ్యాలెన్స్ ఉందా? ఫోన్ ఆగిపోతే ఆ కుటుంబం మనకు కనిపించకుండా పోతుంది కనుక రీచార్జిని కూడా సరుకులతో సమానంగా లెక్కించాలి.

జవాబులను మూడు వరుసల్లో రాసుకోండి: ఇరవై నాలుగు గంటల్లో తీరవలసినవి, వారంలో తీరవలసినవి, నెలలో తీరవలసినవి. మందు, పాలు, గ్యాస్ మొదటి వరుసలోకి వస్తాయి. అద్దె సాధారణంగా రెండో వరుసలో పడుతుంది. అకామా, టికెట్టు, ఊళ్లోని అప్పులు మూడో వరుస.

4. హక్కుగా వచ్చే సాయాన్ని ముందు అడగడం

చందా పోగుచేసే ముందు ఈ తలుపులన్నీ తట్టాలి. ఇవి దానాలు కావు, వారికి రావలసినవే.

మొదటిది యజమాని బాధ్యత. వైద్యం, జీతం బాకీ, తిరుగు టికెట్టు విషయంలో ఒప్పంద పత్రంలో ఏముందో చదవాలి. ఆ పత్రం నకలు చాలాసార్లు ఇక్కడి ఇంట్లో, బీరువాలో ఉంటుంది.

రెండవది భారతీయ సమాజ సంక్షేమ నిధి. ఇది 2009 నుంచి మన రాయబార కార్యాలయాలలో ఉంది. కాన్సులర్ సేవలపై వసూలు చేసే చిన్న మొత్తాలతో నడిచే ఈ నిధి నుంచి, ఆర్థిక స్థితిని పరిశీలించిన మీదట, అత్యవసర వైద్యానికి, తాత్కాలిక వసతికి, స్వదేశానికి విమాన ప్రయాణానికి, న్యాయ సహాయానికి, మరణించినవారి భౌతికకాయాన్ని తరలించడానికి సాయం చేస్తారు. అడగనిదే రాదు. అందువల్ల రాతపూర్వకమైన అర్జీ కావాలి.

మూడవది విదేశాంగ శాఖ 2015లో తెచ్చిన మదద్ పోర్టల్. ఇక్కడి నుంచి కుటుంబ సభ్యులే అందులో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నమోదైన ప్రతి ఫిర్యాదుకు ఒక నంబరు వస్తుంది. ఆ నంబరు చేతిలో ఉంటే తరువాత రాయబార కార్యాలయంతో మాట్లాడేటప్పుడు మొదటి నుంచి కథంతా చెప్పనక్కరలేదు.

నాలుగవది ప్రవాసీ భారతీయ బీమా యోజన. ఈసీఆర్ పాస్‌పోర్టుతో, అంటే కొన్ని దేశాలకు పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావలసిన పాస్‌పోర్టుతో, ఆ అనుమతి (ఎమిగ్రేషన్ క్లియరెన్స్) తీసుకుని వెళ్లినవారికి ఇది తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు ప్రీమియంగా కట్టి ఉంటారు. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు వస్తాయి. జబ్బుతో మరణిస్తే ఈ 10 లక్షలు రావన్న సంగతి ఆ కుటుంబానికి ముందే మెల్లగా చెప్పాలి, లేకపోతే దాని మీదే ఆశ పెట్టుకుని కొత్త అప్పులు చేస్తారు. సందర్శక వీసా మీద ఏజెంటు పంపినవారికి ఈ బీమా ఉండదు.

ఐదవది రాష్ట్ర ప్రభుత్వపు ఆంధ్రప్రదేశ్ ప్రవాసాంధ్రుల సంస్థ, అంటే ఏపీఎన్‌ఆర్‌టీ. విమానాశ్రయం నుంచి ఊరికి అంబులెన్సు వంటి సేవలకు వారినే ముందు సంప్రదించాలి.

అర్జీ రాసేటప్పుడు ఒక్క పేజీ దాటవద్దు. మొదటి వాక్యంలోనే పేరు, పాస్‌పోర్టు నంబరు, సివిల్ ఐడీ నంబరు, ఉన్న చోటు, కోరుతున్న సాయం ఉండాలి. ‘దయచేసి ఆదుకోండి’ అని ఊరుకోకుండా ‘ఫలానా ఆసుపత్రిలో ఫలానా తేదీ నుంచి చికిత్స పొందుతున్న వీరి బిల్లుకు సంక్షేమ నిధి నుంచి సాయం కోరుతున్నాము’ అని స్పష్టంగా రాయాలి.

5. ఇక్కడి బరువు దించడం

గల్ఫ్‌లో ఉన్న కుటుంబం సంపాదనలో పెద్ద భాగం నెలనెలా ఊరికే వస్తుంది. పొదుపు సంఘం కంతు, వీసా కోసం చేసిన అప్పు మీద వడ్డీ, ముసలివాళ్ల మందులు, ఊళ్లో వదిలివచ్చిన పిల్లల ఫీజులు, ఇవన్నీ అక్కడి చేతుల మీదుగానే తీరాలి. జబ్బు వచ్చినా, పని ఆగినా ఆ కంతులు ఆగవు. కడుపు మాడ్చుకుని అయినా పంపుతారు.

కాబట్టి ఇక్కడ మూడు నెలలపాటు ఆ ఖర్చులను మనం మోస్తే, అక్కడ ఆ మేరకు దినార్లు వారి చేతిలోనే మిగులుతాయి. దీనికి బ్యాంకు ఫారాలు అక్కరలేదు, మారకం నష్టం లేదు, రూపాయి దారి తప్పదు. ఇక్కడివారు చేయగలిగిన సాయాల్లో అన్నింటికంటే సూటి అయినది ఇదేనని నా నమ్మకం, అయినా చాలామందికి తోచనిది కూడా ఇదే.

చేయవలసిన తీరు:

☐ ఫీజును నేరుగా పాఠశాలకు, మందుల డబ్బును నేరుగా మెడికల్ షాపుకు కట్టి రసీదు తీసుకోవాలి.
☐ పొదుపు సంఘం లీడరుతో, బ్యాంకుతో మాట్లాడి గడువు అడగాలి. అడిగితే ఇస్తారు, అడగకపోతే మాత్రం బాకీ పెరుగుతుంది.
☐ వడ్డీ వ్యాపారి దగ్గరకు ఇంటి ఆడవాళ్లను ఒంటరిగా పంపకూడదు. ఊరి పెద్ద ఒకరు వెంట వెళ్లాలి.
☐ ఇక్కడ ఏ ఖర్చు మనం కట్టామో అక్కడి మనిషికి అదే రోజు చెప్పాలి. చెప్పకపోతే ఆయన అదే ఖర్చుకు మళ్లీ పంపుతారు.

6. డబ్బు పంపవలసి వచ్చినప్పుడు

ఇంత చేశాక కూడా లోటు మిగిలితే, భారతదేశంలో నివసించే వ్యక్తి రిజర్వు బ్యాంకు సరళీకృత రెమిటెన్స్ పథకం కింద విదేశానికి కానుకగా డబ్బు పంపవచ్చు. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక మనిషికి పరిమితి 2,50,000 అమెరికన్ డాలర్లు. ఈ వెసులుబాటు వ్యక్తులకు మాత్రమే ఉంది. ట్రస్టులు, సంస్థలు, అవిభక్త కుటుంబాలు దీన్ని వాడుకోలేవు. ‘మా ట్రస్టు ఖాతా నుంచి కువైట్‌కు పంపేస్తాం’ అని ఎవరైనా అంటే అక్కడే ఆపండి. విదేశంలో ఖర్చయ్యే సాయానికి ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపు వస్తుందని దాతలకు చెప్పకూడదు.

అంచెలు ఇవి:

ఒకటి, విదేశీ మారకం చేసే బ్యాంకు శాఖ ఏదో ముందే కనుక్కోవాలి. అన్ని శాఖల్లోనూ ఈ పని జరగదు.

రెండు, పాన్ కార్డు, విదేశానికి డబ్బు పంపడానికి బ్యాంకులో నింపే ఏ2 ఫారం సిద్ధం చేసుకోవాలి. ఫారంలో ప్రయోజనం కోడ్ రాయాలి. కుటుంబ పోషణకైతే ఎస్ 1301, వ్యక్తిగత కానుకకైతే ఎస్ 1302. స్నేహితుడికి పంపుతూ కుటుంబ పోషణ కోడ్ రాయకూడదు.

మూడు, స్వీకరించే మనిషి పేరును బ్యాంకు ఖాతాలో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయాలి. ఐబ్యాన్ (అంతర్జాతీయ ఖాతా) నంబరు కువైట్‌కు 30 అక్షరాలు, సౌదీకి 24, యూఏఈకి 23. లెక్కపెట్టి చూసుకుంటే సగం తప్పులు అక్కడే తేలిపోతాయి.

నాలుగు, చార్జీలు ఎవరు భరిస్తారన్నది బ్యాంకులో అడగాలి. మధ్యలో ఉండే బ్యాంకు కోత వేస్తే ఆసుపత్రి బిల్లుకు పది దినార్లు తక్కువపడి పని ఆగిపోవచ్చు.

ఐదు, 2025 ఏప్రిల్ 1 నుంచి ఏడాదిలో 10 లక్షల రూపాయల వరకు ఇలా పంపే డబ్బు మీద టీసీఎస్ (బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) పడదు. మన స్థాయి సాయాలు ఆ హద్దు లోపలే ఉంటాయి.

చిన్న చిన్న దాతలు చాలామంది ఉన్నప్పుడు ఒక్కొక్కరూ వేరుగా పంపితే చార్జీలకే డబ్బు పోతుంది. ఆ కుటుంబానికి దగ్గరి బంధువు ఒకరు పంపడం మేలు. అయితే బంధువులు కానివారి నుంచి ఒక వ్యక్తి ఏడాదిలో మొత్తం 50,000 రూపాయలకు మించి తీసుకుంటే ఆ మొత్తం ఆయన ఆదాయంగా లెక్కకు వస్తుంది. ఆ హద్దు దగ్గరికి వస్తున్నప్పుడే ఆడిటరును అడగాలి, దాటిన తరువాత అడిగి లాభం లేదు.

ఎంత అవసరం ఉన్నా చేయకూడని పనులు రెండు. ‘మీరు ఇక్కడ రూపాయలు ఇవ్వండి, మావాడు అక్కడ దినార్లు ఇస్తాడు’ అనే హుండీ దారి ఫెమా (విదేశీ మారక నిర్వహణ) చట్టానికి విరుద్ధం, పైగా ఆ డబ్బు ఎక్కడిదో మనకు తెలియదు. రెండవది, అక్కడ ఉన్న మనవారిని వీధుల్లోనో వాట్సాప్‌లోనో చందాలు వసూలు చేయమనడం. కువైట్, యూఏఈలలో అనుమతి లేకుండా విరాళాలు సేకరించడం నేరం. మంచి మనసుతో చేసినా కేసు కేసే. అక్కడివారు తమ సొంత డబ్బుతో పక్క గదివారికి అన్నం పెట్టడం, మందు కొనివ్వడం వేరే విషయం.

7. మందులు, పొట్లాలు

కువైట్‌కు వెళ్లేవారి సంచిలో మందుల పొట్లం పెట్టి పంపడం మన ఊళ్లలో మామూలు. ఈ ఒక్క అలవాటును మానుకోవాలని ప్రాధేయపడుతున్నాను. ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు, ఆల్‌ప్రజోలమ్ వంటి నిద్ర మాత్రలు గల్ఫ్ దేశాల్లో నియంత్రిత ఔషధాలు. పొట్లంలో ఏముందో తెలియకుండా తీసుకెళ్లిన మనిషి విమానాశ్రయంలో పట్టుబడితే జైలు పాలవుతాడు. మసాలా పొట్లాల్లో గసగసాలు కూడా పెట్టకూడదు. యూఏఈ, సౌదీ అరేబియాలలో అవి నిషిద్ధం.

సరైన దారి ఏమిటంటే, వైద్యుని చీటీలో మందు కంపెనీ పేరు కాక అసలు ఔషధం పేరు రాయించి, ఆ ఫోటోను పంపి, అక్కడి ఫార్మసీలోనే కొనిపించడం. షుగరు, బీపీ, థైరాయిడ్ మందులన్నీ అక్కడ దొరుకుతాయి. సరుకులకైతే భవనం కింది బకాలా (కిరాణా) దుకాణంలో అక్కడి బంధువు చేత ఖాతా పెట్టించి, వారానికి ఇంత అని హద్దు పెడితే కుటుంబం తనకు కావలసింది తానే తెచ్చుకుంటుంది. గ్యాస్ కథ మళ్లీ రాదు.

8. తిరిగి తీసుకురావలసి వస్తే

పాస్‌పోర్టు లేనివారికి రాయబార కార్యాలయం ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది, మనవాళ్లు అవుట్‌పాస్ అనేది దాన్నే. అకామా గడువు ముగిసినవారి మీద జరిమానా, కేసు ఉన్నాయేమో ముందు చూడాలి. 2020 ఏప్రిల్‌లో కువైట్ ప్రకటించినటువంటి ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) వచ్చినప్పుడు గడువు చాలా తక్కువ రోజులే ఉంటుంది, ఆ రోజుల్లో మిగతా పనులన్నీ పక్కన పెట్టి దాని మీదే ఉండాలి.

టికెట్టును ఇక్కడే రూపాయల్లో కొనవచ్చు. రోగి ప్రయాణానికి తగినవాడని వైద్యుని పత్రం, వీల్‌చెయిర్ అవసరమైతే ఆ సంగతి విమాన సంస్థకు ముందే తెలపాలి. మనవాళ్లు ఎక్కువగా చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల్లో దిగుతారు. అక్కడి నుంచి కడపకు వాహనం, దిగిన రోజే చూపించవలసిన ఆసుపత్రి, పత్రాలతో ఎదురుచూసే మనిషి, ఈ మూడూ విమానం ఎక్కకముందే ఖాయం కావాలి. కువైట్ ఆసుపత్రి రిపోర్టుల అసలు కాగితాలను రోగి చేతి సంచిలో పెట్టించండి. సామానులో పెడితే, సామాను ఆలస్యమైన రోజు ఇక్కడి వైద్యుడు పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేయిస్తాడు.

9. తరచు జరిగే పొరపాట్లు, వాటిని సరిదిద్దే తీరు

డబ్బు తప్పు ఖాతాకు వెళితే: అదే రోజు పంపిన బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, స్విఫ్ట్ కాపీ (డబ్బు పంపినట్టు బ్యాంకు ఇచ్చే సందేశం నకలు) తీసుకుని, వెనక్కు రప్పించమని కోరాలి. ఒక్క రోజు ఆలస్యమైనా పని కష్టమవుతుంది.

ఫోటోలు బయటికి పోతే: సాయం అందుకుంటున్న ఆడవాళ్ల ఫోటోలు గ్రూపుల్లో పెట్టడం వల్ల పని చేసే ఇంటి యజమానికి తెలిసి ఉద్యోగం పోయే ప్రమాదం ఉంది. దాతలకు రసీదు చూపండి, ముఖాలు చూపవద్దు. పొరపాటున పెట్టి ఉంటే తొలగించి, ఆ కుటుంబానికి చెప్పి క్షమాపణ అడగాలి.

కుటుంబం ఫోన్ ఎత్తకపోతే: కోపగించుకోవద్దు. ఆసుపత్రిలో ఉండవచ్చు, ఫోన్ కఫీల్ చేతిలో ఉండవచ్చు. పక్క గదివారి నంబరు మొదటి రోజే తీసుకుని ఉంటే ఇక్కడ పనికివస్తుంది.

మధ్యవర్తి ముందుకొస్తే: ‘రాయబార కార్యాలయంలో నాకు తెలుసు, అర్జీకి ఇంత ఇవ్వండి’ అనేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు. సంక్షేమ నిధికి, మదద్‌కు ఎవరి సిఫారసూ అక్కరలేదు.

10. లెక్క, ముగింపు తేదీ

ప్రతి కుటుంబానికి ఒక నోటు పుస్తకం పేజీ కేటాయించి, తేదీ, ఖర్చు, రసీదు నంబరు, చెల్లించిన మనిషి అనే నాలుగు గళ్లు గీసుకుంటే చాలు. దాతలు ఎప్పుడు అడిగినా పేజీ చూపగలగాలి. కుటుంబం పేరు ఉన్న చోట ఒక అంకె వాడండి.

సాయం ఎప్పటివరకు అన్నది మొదటి రోజే చెప్పాలి. ‘మూడు నెలలు, ఆపైన మళ్లీ మాట్లాడుకుందాం’ అని ముందే అంటే అక్కడివారు ఆ లెక్కన సర్దుకుంటారు, అనకపోతే ఆగిన రోజు మాట పడినట్టు బాధపడతారు. ఆ మూడో నెల చివర మన మనిషి మళ్లీ ఊళ్లోని ఇంటికి వెళ్లి, పొదుపు సంఘం పాసు పుస్తకం తెరిచి చూసి, అక్కడి మనిషికి వీడియో కాల్ చేసి ఇద్దరినీ ఒకే ఫోన్‌లో కూర్చోబెట్టి మాట్లాడించాలి. ఆ తరువాతే ఆ పేజీ కింద గీత గీయాలి.